కాలువ వెంట ఒక ఆదివారం

బరంపురం, ఆషాఢ మాసం.

వానలు ముదరకముందే మా వైపు మురుగు కాలువను ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూడాలని నాలుగు వీధులవారం చాలాకాలంగా అనుకుంటున్న పని ఈ ఉదయం జరిగింది. ఒక పొడవాటి వెదురు కర్ర, ఒక నోటుపుస్తకం, ఒక ఫోను, అంతకుమించి హంగామా ఏమీ లేదు. నేత వీధి నుంచి ఇద్దరు పెద్దలు, పారిశుధ్య కార్మికుల బస్తీ నుంచి స్వయం సహాయక బృందం ఆడవాళ్ళు, ఒడియా దుకాణదారుల తరఫున ఒక కుర్రవాడు, కొత్త కాలనీ నుంచి పదవీ విరమణ చేసిన ఒక రైల్వే ఉద్యోగి వచ్చారు. నాకు తెలుగు, ఒడియా లిపులు రెండూ వచ్చు గనుక పుస్తకం నా చేతికిచ్చారు.

ఈ ఊరికి సంఘాల కొరత ఎన్నడూ లేదు. 1867 నాటికే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఒడిశాలో కలిపారు. 2008లో కార్పొరేషన్ అయింది. కుల సంఘాలు, గుడి కమిటీలు, కాలనీ సంక్షేమ సంఘాలు, తెలుగు సంఘం, 2001లో ఒడిశా ప్రభుత్వం మహిళా స్వయం సహాయక బృందాల కోసం మొదలుపెట్టిన మిషన్ శక్తి పథకం తరువాత గల్లీ గల్లీకీ మహిళా బృందాలు, ఇలా ఎవరి కూటమి వారికి ఉంది. రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి వచ్చిన రోజుల్లో ఊరంతా ఒక్క చోట కనిపిస్తుంది. అమ్మవారు తిరిగి వెళ్ళిపోగానే ఎవరి వీధిలోకి వారు వెళ్ళిపోతారు. తెలుగువాళ్ళమంతా ఒకటేనని ఉగాది సభలో ప్రతి ఏడూ చెప్పుకుంటాం గానీ, ఇంట్లో తెలుగే మాట్లాడే నేత వీధివారూ పారిశుధ్య బస్తీవారూ ఒక్క చాప మీద కూర్చున్న సభను నేనింతవరకు చూడలేదు. కాలువకు మాత్రం ఆ పట్టింపు లేదు; ఒకరి వాకిలి కడిగిన నీటిని మరొకరి వాకిట్లోకి తెచ్చిపోస్తుంది.

నేత వీధి వెనక కల్వర్టు దగ్గర బృందంలోని ఒకావిడ కర్రను నీటిలోకి దించి, పైకి తీసి, తడి మరక ఎక్కడి దాకా ఉందో, బురద ఎక్కడి దాకా అంటుకుందో గోరుతో గీసి చూపింది. “పైన జానెడే నీళ్ళు మేస్టారూ, కిందంతా మోకాలు లోతు మట్టి,” అంది. నేత వీధి పెద్దాయన ఆమెను అడిగాడు: “ఏమ్మా, పోయినేడు తీసిన మట్టే కదా, మళ్ళీ ఎలా వచ్చి పడింది?” ఆమె తడుముకోలేదు. “తీసి గట్టు మీద పోస్తాం బాబూ. బండి సందులోకి రాదు, మొదట్లోనే మీ అరుగు అడ్డం. వారం రోజులు గట్టు మీదుంటే వానకి జారిపోదా?” ఆయన అరుగు వైపు ఒకసారి చూసి, మాట్లాడకుండా నా పుస్తకంలో రాసుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఈ కాలువను అందరికంటే బాగా ఎరిగిన మనిషిని ఇన్నేళ్ళలో ఏ సంఘమూ సభకు పిలవలేదన్న సంగతి నాకు అక్కడే గట్టిగా తట్టింది. ఇక కాలనీ భాగంలో మట్టికంటే క్యారీ బ్యాగులూ విందు భోజనాల ప్లేట్లూ ఎక్కువ. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలని నిబంధనలు చెబుతున్నా, రైల్వే ఆయన మాటల్లో, “మా వాళ్ళకి గోడ అవతల పడితే చాలు”. దుకాణాల మెట్లు కాలువ మీదికే కట్టిన చోట కర్ర దించడానికే సందు దొరకలేదు.

ఇలా తమ ఊరిని తామే కొలుచుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1980లలో బొంబాయి కాలిబాటల మీద బతికేవాళ్ళు తమ గుడిసెల లెక్క తామే తేల్చుకున్నారు. మురికివాడల వారిని కూడగట్టిన జోకిన్ అర్పుతంకు 2000లో మెగసెసే అవార్డు వచ్చింది. లెక్క చేతిలో ఉంటే అధికారి ముందు గొంతు నిలబడుతుందన్నది అందరూ చెప్పేదే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, లెక్క కోసం తిరిగేటప్పుడు పక్క వీధివాళ్ళు మనకు మొదటిసారి పరిచయం కావడం. 1993 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. మన ఊరు 2011 నాటికే మూడున్నర లక్షలు దాటింది. అయితే కాలువ వార్డుల సరిహద్దులు చూసుకుని పారదు గనుక, కమిటీలు ఎంత చక్కగా పనిచేసినా వీధికీ వీధికీ మధ్య కాగితం పట్టుకుని తిరిగే మనుషులు వేరుగా కావాలి.

సాయంత్రం అర్జీ రాయడానికి కూర్చోవడం ఎక్కడన్నది కొంత తర్జనభర్జన అయింది. గుడి మండపం అన్నారు. బస్తీ ఆడవాళ్ళు ఔననలేదు, కాదనలేదు. దుకాణాల కుర్రవాడే గ్రహించి బడి వరండా అన్నాడు, అందరూ వచ్చారు. వీధి దీపాలు, కుళాయిలు, రోడ్డు గుంతలు కూడా అర్జీలో చేర్చాలని కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. పది కోరికలున్న కాగితం పది బల్లల మీద తిరుగుతుంది. చివరికి మూడే రాశాం: పూడిక తీసిన రోజే బండి మట్టిని ఎత్తుకుపోవాలి, మెట్ల స్థానంలో లేపడానికి వీలైన పలకలు వేయాలి, కాలువ కాలనీ దాటే చోట ఇనుప జాలీ బిగించాలి. కాలువ దాటి ఒక్క మాట లేదు. సంతకాల్లో ఎవరి వీధి పేరు ముందుండాలన్న పేచీ కాసేపు సాగి, నీరు పారే వరుసలోనే పేర్లు రాద్దామన్న మాటతో తెగిపోయింది. ఆ లెక్కన కొత్త కాలనీ మొదట, బస్తీ చివర వచ్చాయి. చివరివారికే ముంపు ఎక్కువని కాగితం చూస్తేనే తెలుస్తుంది.

బృందం ఆవిడ సంతకం పెట్టేముందు మొత్తం చదివి వినిపించమంది. విని, “మోకాలు లోతని నేను చెప్పింది రాయలేదేం?” అని అడిగింది. నేను “పూడిక అధికంగా ఉన్నది” అని రాశాను. రేపటి ఒడియా ప్రతిలోనూ తెలుగు ప్రతిలోనూ ఆమె మాటే ఉంటుంది. బుధవారం సంతకాలు పూర్తవుతాయి, అరుగు సంగతి నేత వీధి పెద్దాయన తమ్ముడితో మాట్లాడతానన్నాడు.