విశ్వాసమందు స్థిరులై: మొదటి పేతురు 5:8–10 ధ్యానం

“నిబ్బరమైన బుద్ధిగలవారై మెలకువగా ఉండుడి, మీ విరోధియైన అపవాది గర్జించు సింహమువలె ఎవరిని మ్రింగుదునా అని వెదకుచు తిరుగుచున్నాడు” అనే వచనం మన ఉపవాస ప్రార్థనలకు వచ్చేవారిలో కంఠస్థం కానివారు అరుదు. దాని వెనువెంటనే వచ్చే వచనాన్ని మాత్రం చాలామందిమి చదివి దాటిపోతాం: “లోకమందున్న మీ సహోదరులయందు ఈ విధమైన శ్రమలే నెరవేరుచున్నవని యెరిగి, విశ్వాసమందు స్థిరులై వానిని ఎదిరించుడి.” ఎదిరించమన్న ఆజ్ఞను, దానిని నెరవేర్చే దారిని యేసు శిష్యుడైన పేతురు ఒకే వాక్యంలో పెట్టాడు. మనం ఆజ్ఞను పట్టుకొని దారిని వదిలేశాం కాబట్టే, స్థిరంగా నిలబడటమంటే ఎవరి కష్టాన్ని వారు పంటి బిగువున భరించడమనే అభిప్రాయం మనలో పాతుకుపోయింది.

ఈ పత్రిక, అంటే పేతురు వ్రాసిన ఈ ఉత్తరం, పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ అనే ప్రాంతాలలో, అంటే నేటి తుర్కియే నేల మీద, చెదరిపోయి యాత్రికులుగా బ్రతుకుతున్న విశ్వాసులకు వ్రాయబడింది. నిన్నటివరకు కలసి తిన్నవారే, కలసి తిరిగినవారే, తమ పాత నడవడిలో వీరు పాలుపంచుకోవడం మానేసినందుకు ఆశ్చర్యపడి దూషిస్తున్నారని నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు, సుమారు 112వ సంవత్సరంలో, ఆ బితూనియ, పొంతు ప్రాంతానికే అధిపతిగా వచ్చిన ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి వ్రాసిన ఉత్తరం నేటికీ మిగిలి ఉంది. క్రైస్తవులమని ఒప్పుకున్నవారిని బెదిరిస్తూ మరి రెండుసార్లు అదే ప్రశ్న అడిగానని, అప్పటికీ మాట మార్చనివారికి మరణశిక్ష వేశానని, చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం వేసి క్రీస్తును శపించినవారిని వదిలిపెట్టానని అతడు తడబాటు లేకుండా వ్రాసుకున్నాడు. వారు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకొని, క్రీస్తును దేవునిగా ఎంచి ఆయనకు కీర్తన పాడతారని, దొంగతనం, వ్యభిచారం చేయబోమని ప్రమాణం చేసుకుంటారని కూడా అతడు విచారణలో తెలుసుకున్నాడు. నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీలను హింసింపజేశాడు. సంఘ పరిచారికలైన ఆ ఇద్దరి పేర్లు ఉత్తరంలో లేవు. నాకు ఆ ఉత్తరమంతటిలో మనసును పట్టి ఆపేది వారిద్దరే. ఆ కూడికలో తమతో గొంతు కలిపి పాడినవారి ముఖాలు తప్ప వారికి ఆసరా ఏముంటుంది?

పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా వంశధార వెంబడి ఉన్న తెలుగు సంఘాలలో పెరిగినవారికి ఈ “యాత్రికులు” అన్న మాటను విడమరచి చెప్పనక్కరలేదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన ఊళ్ళు కదలలేదు గాని సరిహద్దు కదలింది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కొండ మీది సహోదరులతో సవర మాటలు. పాతపట్నం వెళితే ఒడిశావాళ్ళం, భువనేశ్వర్ వెళితే తెలుగువాళ్ళం. భాషలో తక్కువమందిమి, విశ్వాసంలో అంతకంటే తక్కువమందిమి. పంట చేతికి రాని ఏడు కుర్రవాళ్ళు సూరత్ మిల్లులకో, కేరళ పనులకో రైలెక్కితే, మందిరంలో మగవారి వైపు చాపలు ఖాళీగా ఉంటాయి.

దీనికి తోడు బయటికి చెప్పుకోని పోరాటం మరొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులానికి చెందిన హోదాను కోల్పోతాడు. ఆ ఉత్తర్వును సవరించి 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు హోదా వర్తింపజేశారు గాని, క్రైస్తవులకు వర్తింపజేయలేదు. అందువల్ల పిల్లవాడి కుల ధ్రువపత్రం కోసం తహసీలు కచేరీలో దరఖాస్తు నింపుతూ, మతం అన్న గడి దగ్గర కలం ఆపి కూర్చున్న తండ్రులు మన మధ్య ఉన్నారు. ప్లినీ ముందు నిలబడినవారికి ప్రాణాల మీదికి వచ్చింది; ఈ తండ్రికి బిడ్డ చదువు మీదికి వచ్చింది. రెండూ ఒకటేనని నేను అనను. అయితే ఆ తండ్రికి ప్రసంగవేదిక మీద నుంచి విశ్వాసవీరుల కథలు వినిపించి పంపేయడం మాత్రం పేతురు పద్ధతి కాదు. అతడు ఆ గడి ముందు ఒంటరిగా కూర్చోవలసి రావడమే అపవాదికి కావలసినది.

మన కొండల్లో సింహాలు లేవు, ఎలుగుబంట్లు ఉన్నాయి. జీడిపిక్కల కాలంలో తోటలోకి ఒంటరిగా వెళ్ళవద్దని, వెళితే నలుగురు కలసి గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళమని పెద్దలు చెబుతారు. నలుగురి అలికిడి విన్న ఎలుగు తప్పుకుంటుంది; ఒంటరిగా, చప్పుడు లేకుండా ఎదురుపడినవాడి మీదికి వస్తుంది. పేతురు చెప్పిన విరోధి తిరుగుడు కూడా ఇటువంటిదే. మన మీదికి వచ్చిన కష్టం కంటే, ఈ కష్టం నా ఒక్కడికే వచ్చింది, నా విశ్వాసమే లోపం గలది, ఎవరికైనా చెబితే చులకనైపోతాను అనే తలంపు మనిషిని త్వరగా మింగేస్తుంది.

ఈ సంగతి పేతురుకు ఎవరో చెప్పగా తెలిసినది కాదు. కడరా భోజనపు రాత్రి ప్రభువు అతనితో, “సీమోనూ, సీమోనూ, ఇదిగో సాతాను మిమ్మును పట్టి గోధుమలవలె జల్లించుటకు మిమ్మును కోరుకొనెను గాని నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని” అని చెప్పాడు. చెరసాలకైనా మరణానికైనా సిద్ధమేనని పేతురు బదులిచ్చాడు. ఆ జవాబులో నిజాయితీ లేదని చెప్పలేం. అతడు తరువాత తోటలో కత్తి దూసినవాడే. అయితే మెలకువగా ఉండి ప్రార్థించమన్నప్పుడు నిద్రపోయాడు, పట్టుబడిన ప్రభువును దూరం నుంచి వెంబడించాడు, పరాయివారి మంట దగ్గర చలి కాచుకుంటూ ఒక చిన్నదాని ప్రశ్నకు బొంకాడు. తోటి శిష్యులు లేని చోట, శత్రువుల మధ్య ఒంటరిగా కూర్చున్నప్పుడు అతని ధైర్యం ఎంత గట్టిదో తేలిపోయింది. ఆ రాత్రి అతని నమ్మిక పూర్తిగా ఆరిపోకుండా మిగిలిందంటే, ఆ మంట దగ్గర కూర్చునేందుకు ముందే ఒకరు అతని కొరకు వేడుకొని ఉండటం చేతనే. “నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము” అని ప్రభువు అదే ఊపులో ఆజ్ఞాపించాడు. మెలకువగా ఉండుడి, స్థిరులై ఎదిరించుడి అని వ్రాస్తున్న చేయి ఆ ఆజ్ఞనే నెరవేరుస్తోంది. పడని మనిషి ఈ మాటలు వ్రాసి ఉంటే నేను ఇంత నమ్మకంతో చదివేవాడిని కాదేమో.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. జ్వరం వచ్చినా, అప్పు తీరకపోయినా, బిడ్డ పరీక్ష తప్పినా దానిని దురాత్మకు అంటగట్టి, తగ్గకపోతే “నీకు విశ్వాసం చాలలేదు” అని తేల్చేసే బోధ మన పల్లెల్లోకి కూడా వచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే. క్షయ మాత్రలు మధ్యలో ఆపించే ప్రార్థనను ప్రార్థన అనడానికి నా నోరు రాదు; ఈ కొండలకు సువార్త తెచ్చినవారు సెరంగోలో ఆసుపత్రి కూడా కట్టారని మరచిపోకూడదు. శ్రమ కలిగినప్పుడు ఏదో వింత సంభవించినట్లు ఆశ్చర్యపడవద్దని పేతురు చెప్పాడే గాని, శ్రమపడేవాని విశ్వాసాన్ని తూకం వేయమని ఎక్కడా చెప్పలేదు. “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అన్న మాటను కూడా సింహం మాట కంటే ముందే, ఏడవ వచనంలోనే పెట్టాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి కొండల మీద కుండపోతగా కురిసి, చరియలు విరిగి, ఊళ్ళకు ఊళ్ళు నీట మునిగిన తరువాతి ఆదివారం ఒక చిన్న మందిరంలో చూసిన సంగతి నాకు మరుపు రాదు. పైకప్పు రేకులు సగం ఎగిరిపోయాయి. తడిసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలను స్త్రీలు చాప మీద ఎండలో పరచి, పేజీలు అంటుకుపోకుండా నడుమ కొబ్బరి ఈనెలు పెట్టి, ఒక్కొక్క కాగితమే విడదీస్తున్నారు. జీడితోట మొత్తం నేలకూలిన ఒక యువకుడు లోపలికి రాకుండా గోడ బయట కూర్చున్నాడు. అయ్యగారు పిలిచినా లేవలేదు. అప్పుడు బైబిలు స్త్రీగా, అంటే ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చెప్పే పరిచారికగా, పనిచేసి విరమించిన ఒక మామ్మ మెల్లగా వెళ్ళి, “బావూ, పాడాలని లేకపోతే పాడకు. లోపలికొచ్చి కూకో, చాలు. నీ వంతు మేం పాడతాం” అంది. అతడు వచ్చి కూర్చున్నాడు, పాడలేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాడో లేదో నేను చూడలేదు. అయితే లెక్కకు అతడు కూడా ఆ వేళ ఎదిరించినవాడే అని నా నమ్మకం, ఎందుకంటే ఎవరిని మింగుదునా అని వెదికేవాడికి ఆ వేళ గోడ బయట ఎవరూ దొరకలేదు.

ఈ ఎదిరింపులో మనుషులు శత్రువులు కారన్నది కూడా పత్రికంతటా పరచుకొని ఉంది. దూషణకు ప్రతిదూషణ చేయక దీవించమని మూడవ అధ్యాయం చెబుతుంది. ఎగతాళి చేసిన పొరుగువాని పొలానికి తుఫాను తరువాత వెళ్ళి కొమ్మలు నరికిపెట్టడం ఆ వచనానికి మన దగ్గర దొరికే వ్యాఖ్యానం.

“కొంచెము కాలము మీరు శ్రమపడిన పిమ్మట, తానే మిమ్మును పూర్ణులనుగా చేసి స్థిరపరచి బలపరచును” అని పదవ వచనం వాగ్దానం చేస్తుంది. తానే అన్నాడు గనుక భారం ఆయనది. దాని తరువాత పత్రిక ముగింపులో రెండు పేర్లు కనబడతాయి. పత్రిక వ్రాయడంలో సహాయపడిన సిల్వాను ఒకరు, నా కుమారుడు అని పేతురు పిలిచిన మార్కు మరొకరు. ఈ మార్కు మొదటి సువార్త ప్రయాణంలో పంఫూలియలో తోటి సువార్తికులైన పౌలు బర్నబాలను విడిచి ఇంటికి తిరిగిపోయినవాడు. మళ్ళీ అతన్ని వెంటబెట్టుకోవడం పౌలుకు ఇష్టం లేకపోవడంతో, పౌలు బర్నబాలు వాదించుకొని విడిపోయారు. అప్పుడు పౌలు తన వెంట తీసుకువెళ్ళిన సీలయే ఈ సిల్వాను. ఎరగనని ప్రభువును బొంకిన పేతురు, మధ్యలో తిరిగిపోయిన మార్కు, ఆ కలహం తరువాత పౌలు వెంట నడిచిన సీల, ముగ్గురూ ఒకే చోట ఉండి, చెదరిపోయిన ఆ సంఘాలకు వెళ్ళిన ఒకే ఉత్తరంలో కనబడతారు.