22 గ్రాముల హెడ్‌ల్యాంప్‌ను విమానం ఎక్కించిన వైనం

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కి నిన్ననే తిరిగొచ్చాను. కాళ్ళ నొప్పులు ఉండగానే ఇది రాసేయాలి. నొప్పులు తగ్గితే కోపం కూడా తగ్గిపోతుంది, అప్పుడు రాసినా పస ఉండదు.

కొండలెక్కేవాళ్ళలో వీపున మోసే బరువును గ్రాముల్లో లెక్కపెట్టే జాతి ఒకటుంది. నేనూ ఆ జాతివాణ్నే. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేస్తాం, చొక్కా వెనక కుట్టిన చీటీ కూడా పీకేస్తాం. దుకాణంలో దొరికే మామూలు హెడ్‌ల్యాంప్, అంటే నుదుట కట్టుకునే దీపం, మూడు సన్న బ్యాటరీలతో కలిపి 80 గ్రాములు దాటుతుంది. అందులో బ్యాటరీలే 35 గ్రాముల దాకా ఉంటాయి. తేలికవి ఉన్నాయి గానీ ఖరీదు ఎక్కువ. పైగా సొంతంగా చేసుకోగలిగినదాన్ని కొనడం నాకు నామోషీ.

తయారీ తేలికే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో సామాను అంతా దొరికింది: 500 మిల్లీ ఆంపియర్ అవర్ లిథియం పాలిమర్ సెల్లు, ఒక వాటు ఎల్ఈడీ, టీపీ4056 చార్జింగ్ బోర్డు, మధ్యలో ఆపితే ఆరిపోయే మూడు స్థానాల స్విచ్. స్విచ్‌కు ఒకవైపు కరెంటును అదుపు చేసే 10 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఎల్ఈడీకి సుమారు 100 మిల్లీ ఆంపియర్లు అందుతాయి. మంచులో దారి చూసుకోవడానికి ఆ వెలుగు చాలు, నాలుగైదు గంటలు నిలుస్తుంది. రెండోవైపు 100 ఓమ్‌లు పెట్టాను. గుడారంలో సాక్సులు వెతుక్కోవడానికి అది ఎక్కువే. వెడల్పాటి పట్టీ బదులు దర్జీ దగ్గర దొరికే గుండ్రటి సన్న ఎలాస్టిక్ వేశాను. సెల్లు మీద, అతుకుల మీద హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేస్తే బిగుసుకుంది. వంటింటి తూకం మీద 22 గ్రాములు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఆ చార్జింగ్ బోర్డు మామూలుగా ఒక ఆంపియర్ పంపేలా వస్తుంది. ఇంత చిన్న సెల్లుకు అది ఎక్కువ, సెల్లు ఉబ్బుతుంది. బోర్డు మీద ఆ కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను తీసి 4.7 కిలో ఓమ్‌లది అతికిస్తే 250 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. నేను చూసిన వీడియోల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. సంగీతం మాత్రం బాగా పెట్టారు.

ఇక అసలు కథ. డెహ్రాడూన్‌కు మధ్యలో విమానం మారాలి. ఏ విమానాశ్రయమో చెప్పను. అంతకుముందే బయలుదేరిన చోట కౌంటర్ దగ్గర ఒకాయన, విడిగా తెచ్చుకున్న రెండో సెల్లును పెద్ద సంచిలో వేసేయమని ఉచిత సలహా ఇచ్చాడు. విడి లిథియం బ్యాటరీలు సామాన్ల అరలోకి వెళ్ళకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఆయన పనిని ఆయనకే నేను నేర్పాల్సి వచ్చింది.

మారిన చోట మళ్ళీ తనిఖీ. నా ట్రే పక్కకు వెళ్ళింది. ఇదేమిటని అడిగారు. హెడ్‌ల్యాంప్ అన్నాను. ఏ కంపెనీ అన్నారు. నేనే చేశాను అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేదేమో! ఆ అధికారి ముఖం మారిపోయింది, పైఅధికారిని పిలిచాడు. సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించారు. లోపల వేసుకునే ఉన్ని దుస్తులు, సాక్సులు, చివరికి సగం టూత్‌బ్రష్. ఆ బ్రష్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మిగతా సగం ఎక్కడుందని అడిగారు. బరువు తగ్గడానికి కోశానని చెప్తే, నా పొట్ట వైపు ఒకసారి చూశారు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

తరువాత వెలిగించి చూపమన్నారు. చూపాను. తలకు కట్టుకుని చూపమన్నారు. అంతమంది మధ్య, ట్యూబులైట్ల కింద, బెల్టు తీసేసిన ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, నుదుట దీపంతో నిలబడ్డాను. ఒక పిల్లవాడు వాళ్ళమ్మ చున్నీ లాగి నన్ను చూపించాడు. గనిలోకి దిగుతున్నారా అన్నాడు పైఅధికారి. బ్యాటరీ శక్తి ఎంతని కూడా ఆయనే అడిగాడు. 3.7 వోల్టులను 0.5 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 1.85 వాట్ అవర్లు, అనుమతి 100 వరకు ఉంది, ట్రేలో ఉన్న నా ఫోను బ్యాటరీయే దీనికి సుమారు పదింతలు అని చెప్పాను. లెక్క ఆయనకు నచ్చినట్టు లేదు. "రాసి ఉందా?" అన్నాడు. సెల్లు మీద రాసే ఉంది, కానీ దాన్ని నల్లటి గొట్టం కప్పేసింది.

విప్పమన్నారు. దేనితో విప్పను? పదునైనదేదీ తేకూడదు కదా! అప్పుడు ఆయన సొరుగు లాగి, ప్రయాణికుల దగ్గర తీసేసుకున్న కత్తెరల్లోంచి ఒకటి ఏరి నా చేతికిచ్చాడు. తనిఖీ దాటే చోట తనిఖీ చేసేవాడే ఇచ్చిన కత్తెరతో, ఎంతో ముచ్చటగా బిగించుకున్న గొట్టాన్ని నేనే చీల్చాను. అంకెలు కనిపించాయి. పెద్ద పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాయించుకుని పంపేశారు. గేటు మూసేలోపు పరుగెత్తి అందుకున్నాను.

వాళ్ళ పని వాళ్ళు చేశారని మా ఇంట్లో అంటున్నారు. చేశారు, కాదనను. నా ముందున్నవాడి సంచిలో ఇటుకంత పవర్ బ్యాంకు ఉంది. దాని మీద కంపెనీ ముద్ర ఉంది కాబట్టి ఎవరూ తలెత్తి చూడలేదు. ఈ దేశంలో చేతిపనికి మర్యాద లేదు, డబ్బాకుంది.

కొండ కిందున్న సాంక్రి ఊరి నుంచి జూడా కా తాలాబ్ అనే చెరువు దాకా దారి గురించి చెప్పేదేమీ లేదు, బాగుంటుంది. శిఖరం 12,500 అడుగులు. తెల్లవారుజామున మూడింటికి చీకట్లో ఎక్కడం మొదలుపెడతారు. రాత్రంతా సెల్లును స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించి పడుకోండి, చలికి దాని బలం బాగా తగ్గుతుంది. సున్నా డిగ్రీల కంటే దిగువన చార్జింగ్ పెట్టడం అసలే వద్దు. మా జట్టులోని విజయవాడ కుర్రాడు మొదటి రోజు "అన్నా, ఆ తీగల లైటుతో ఎక్కుతావా?" అని ఎగతాళి చేశాడు. అతనిది ఖరీదైన హెడ్‌ల్యాంప్, ఆల్కలైన్ బ్యాటరీలు. వాటికి చలి అసలు పడదు. సగం కొండ ఎక్కేసరికి మిణుకుమిణుకుమంది. మిగతా సగం నా వెలుగులోనే ఎక్కాడు. ఫొటోల్లో ఆ సంగతి ఎక్కడా లేదు లెండి.

తిరుగు ప్రయాణం ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో. దీపాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, పై బెర్తు మీద దాని వెలుగులోనే చదువుకున్నాను.

ఇప్పుడు తమ్ముడికి ఇంకొకటి చేస్తున్నాను. ఈసారి సెల్లు అంకెలు కనిపించేలా పారదర్శక గొట్టం వేశాను. పైన స్టిక్కరు కూడా అచ్చు వేయించాను: 3.7 వోల్టులు, 1.85 వాట్ అవర్లు, దాని కింద మా ఇంటిపేరు, పక్కన ఎలక్ట్రికల్స్. స్టిక్కరు బరువు తూకానికి అందలేదు.