పసుపు కింద ఏముంది

ఆదివారం, పొద్దున్నుంచి ముసురు. బట్టలే ఆరట్లేదు, ఇక రంగులేం ఆరతాయి. అయినా ఇవాళ ఎలాగైనా పెయింట్ పని పట్టాలని నిన్న రాత్రే అనుకున్నా, ఎందుకంటే గత వారం చేసిన వెధవ పని ఇంకా కళ్ల ముందే ఆడుతోంది.

బల్ల మీద ఉన్నది ఎయిర్‌ఫిక్స్ కంపెనీ టైగర్ మాత్, ముక్కలు అతికించి రంగులేసుకునే ప్లాస్టిక్ బొమ్మ విమానం, 1/72 సైజు, అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకి పన్నెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. అసలుది 1931లో మొదటిసారి ఎగిరిన విమానం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలో కుర్రాళ్లు దీని మీదే ఎగరడం నేర్చుకున్నారు, నేను కొన్నదీ అందుకే. పెట్టెలో ఇచ్చిన బ్రిటిష్ శిక్షణ విమానం రంగులే వేస్తున్నా. పైన గోధుమ, ఆకుపచ్చ మచ్చలు, కింద భాగమంతా నిండు పసుపు. నేర్చుకునేవాడు వస్తున్నాడు, తప్పుకోండి అని దూరం నుంచే తెలియాలని ఆ పసుపు, మన డ్రైవింగ్ స్కూల్ కారు మీద ఎర్ర 'ఎల్' లాగా.

గత వారం అలవాటు ప్రకారం మొత్తానికీ గ్రే ప్రైమర్, అంటే అసలు రంగుకి ముందు వేసే అడుగు పూత, కొట్టేసి, దాని మీద పసుపు మొదలుపెట్టా. మొదటి కోటుకి ఏదో బూజు పట్టినట్టు కనబడింది, సరే మొదటి కోటు కదా అనుకున్నా. రెండోది, మూడోది, అయిదో కోటుకి కూడా రెక్కల కింద ఒక రకమైన పాచి రంగు, పైగా గుడ్డ రెక్క మీద సన్నగా చెక్కి ఉన్న ఎముకల గీతలన్నీ పెయింట్‌లో మునిగిపోయాయి. లెక్క వేసుకుంటే ఏడుపొచ్చింది: ఇక్కడ మిల్లీమీటర్‌లో పదో వంతు పెయింట్ పేరుకుంటే అసలు విమానం మీద 7 మిల్లీమీటర్ల లప్పం పెట్టినట్టు! నిన్న రాత్రి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది రుద్ది అంతా ఊడగొట్టా. ఇన్నేళ్లూ పసుపు సరిగా రాని ప్రతిసారీ సీసాని తిట్టుకున్నానే గానీ కింద ఏం వేశానో ఒక్కసారీ ఆలోచించలేదు.

మా మెట్ల దగ్గర నాలుగు రోజులుగా గోడలకి రంగులేస్తున్నారు. పొద్దున చెత్త పారేయడానికి వెళ్తూ అక్కడి పెయింటర్‌ని ఊరికే అడిగా, అన్నా, ఎల్లో వేస్తే ఆకుపచ్చగా కొడుతోంది ఎందుకూ అని. "కింద ఏమున్నది సార్?" అన్నాడు చూడకుండానే. గ్రే అన్నా. "గ్రే మీద ఎల్లో ఎట్ల కూసుంటది? కింద తెల్లగుండాలె" అని మళ్లీ లప్పం పనిలో పడ్డాడు. పదిహేనేళ్ల హాబీ నాది.

దీని వెనక సంగతి నాకు తెలియక కాదు, పట్టించుకోక. తెలుపులో ఉండే టైటానియం డయాక్సైడ్ వెలుతురుని గట్టిగా వెనక్కి కొడుతుంది కాబట్టి కిందున్నది కప్పేస్తుంది. ఇప్పటి పసుపు, ఎరుపు పెయింట్లలో వాడే పిగ్మెంట్లు, అంటే రంగు పొడులు, చాలావరకు అంత కప్పవు, వెలుతురు వాటిలోంచి దూరి కింది పొరని తాకి మళ్లీ బయటికొస్తుంది. కింద గ్రే ఉంటే సగం వెలుతురు అక్కడే చచ్చిపోతుంది, మిగిలిన మసక పసుపు మన కంటికి ఆకుపచ్చ వైపు కనబడుతుంది. వెనకటి సీసం, కాడ్మియం పసుపులు బాగా కప్పేవి, కానీ అవి విషం, పోతేనే మంచిది. ఫ్లోరోసెంట్ రంగులైతే మరీ ఘోరం, కింద తెలుపు లేకపోతే వాటికి ప్రాణమే లేదు.

అందుకని ఇవాళ విమానం జోలికి పోకుండా ముందు ప్లాస్టిక్ స్పూన్లు తీశా. 2022 జులై నుంచి అవి నిషేధం, నా దగ్గరున్నవి పాప పాత పుట్టినరోజు నుంచి మిగిలిన కట్ట, చాలా పొదుపుగా వాడుతున్నా. నాలుగు స్పూన్లకి నాలుగు ప్రైమర్లు: నలుపు, గ్రే, తెలుపు, పింక్. పింక్ డబ్బా విడిగా అమ్ముతారు గానీ స్ప్రే డబ్బాలు తెప్పించుకోవడం పెద్ద గోల, అందుకే పది చుక్కల తెల్ల ప్రైమర్‌లో ఒక చుక్క ఎరుపు కలిపా. అన్నిటి మీదా సమానంగా రెండేసి పల్చటి కోట్ల పసుపు. ఈ తేమలో ఒక్కో కోటు ఆరడానికి ముప్పావు గంట పట్టింది, మధ్యలో రెండు టీలు, ఒక ఉల్లిపాయ పకోడీ ప్లేటు.

సాయంత్రం కిటికీలో వరసగా పెట్టి చూస్తుంటే పాప వచ్చి, నేనేం అడగకుండానే పేర్లు పెట్టేసింది. నలుపు మీదది గోంగూర. గ్రే మీదది పాడైపోయిన పప్పు. తెలుపు మీదది నిమ్మకాయ. పింక్ మీదది బంగినపల్లి. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. తెలుపు మీద పసుపు చల్లగా, కొంచెం పదునుగా ఉంది, పింక్ మీద అదే సీసాలోని పసుపు వెచ్చబడి నారింజ వైపు ఒరిగింది. ట్రైనర్ ఎల్లోకి నాకు కావలసింది ఈ బంగినపల్లే. ఎర్ర కారు బొమ్మ చేసినా కింద నేను పింకే వేస్తా.

గ్రేని పూర్తిగా వదలను. తెల్ల ప్రైమర్ మీద గీతలూ అతుకుల సందులూ కంటికి ఆనవు, గ్రే మీదైతే ఇట్టే పట్టిస్తాయి. కాబట్టి ముందు మొత్తానికీ పల్చగా గ్రే, తప్పులు సరిదిద్దాక కింది వైపు మాత్రం పింక్, పై మచ్చలకి గ్రే అలాగే ఉంచేయడం.

రాత్రి ఎనిమిదికి గ్రే ఒక కోటు అయింది. ఎడమ రెక్క అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు బయటపడింది, దాన్ని రేపు పూడ్చాలి. గోంగూర స్పూన్ పాప తీసుకెళ్లిపోయింది, దేనికో చెప్పలేదు.