ఆల్ఫా గుమ్మం దగ్గర ఆగినప్పుడు

ఒమేగావర్స్ కథలలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేదీ ఆకట్టుకునేదీ ఒకటే: అక్కడ శరీరం ఒక మాట చెబుతుంటే మనసు మరొక మాట చెబుతుంది. మనుషులు పెత్తనం చేసే ఆల్ఫా, మామూలు బీటా, లొంగి ఉండే ఒమేగా అనే వర్గాలుగా పుట్టే ఆ ఊహాలోకం 2010 ప్రాంతంలో అభిమానులు రాసుకునే ఇంగ్లీషు కథలలో (ఫ్యాన్ ఫిక్షన్) రూపుదిద్దుకుంది. వాసనతో జోడీని గుర్తుపట్టడం, ఒమేగాకు హీట్, అంటే శరీరం తనంతట తానే కోరికతో రగిలే దశ, రావడం, మెడ మీది కాటుతో బంధం ముడిపడడం దాని నియమాలు. చాలా కథలలో ఈ నియమాలే ప్రేమకు రుజువులుగా చెలామణీ అవుతాయి. ఆల్ఫా మొండిపట్టు పడితే ఒమేగా లొంగిపోతాడు, గాయపడిన మనసు కట్టుకున్న గోడ ఒక్క రాత్రిలో కూలిపోతుంది. నేను దానిని ప్రేమ అనలేను.

విజయనగరంలో ఉండి నేను రాస్తున్న కథ పలాసలో జరుగుతుంది. అందులో ఒమేగా పురుషుడు, జీడిపిక్కలు ఒలిచే పనివాడు; ఆల్ఫా స్త్రీ, అదే చోట లెక్కలు రాస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడితోటలనూ కొబ్బరితోటలనూ నేలకూల్చిన తరువాత, అతని మెడ మీద కాటు వేసిన పాత ఆల్ఫా వలస వెళ్లి మళ్లీ తిరిగి చూడలేదు. పిక్క తొక్కలోని జిడ్డు చర్మాన్ని కాల్చి వేళ్లను నల్లబరుస్తుంది కనుక అతడు చేతులకు నూనె రాసుకుంటాడు. మెడ చుట్టూ ఉన్న తువ్వాలును మాత్రం నడివేసవిలో కూడా తీయడు. ఆ తువ్వాలు గురించి ఆమె ఒక్కసారి కూడా అడగదు.

నేను ఎక్కువ శ్రద్ధతో రాసిన ఘట్టం ఇది. హీట్‌ను అణిచి ఉంచే మాత్రలు అయిపోయిన ఒక సాయంత్రం గోదాములో అతనికి హీట్ మొదలవుతుంది. వాసన తగిలిన క్షణంలోనే ఆమె ఒళ్లంతా అటు లాగుతుంది, అయినా గుమ్మం దాటదు. "మీ అప్పకి ఫోన్ చెయ్యమంటారా?" అని అడుగుతుంది. చాలాసేపటికి అతడు "చెయ్యండి" అంటాడు. అతని అక్క వచ్చేవరకు ఆమె తలుపు అవతలే నిలబడుతుంది. గోడలో మొదటి ఇటుక అతడే తీశాడని నేను నమ్ముతాను, ఎందుకంటే సాయం ఒప్పుకోవడం అతనికి కోరికను ఒప్పుకోవడం కంటే కష్టం.

పసిపిల్లల అనుబంధాలను పరిశీలించిన మేరీ ఐన్స్‌వర్త్, తల్లి తిరిగివచ్చినా పట్టనట్టు ముఖం తిప్పుకునే పిల్లల గురించి రాశారు. అలా నిబ్బరంగా కనిపించే పిల్లల గుండె వేగం మాత్రం పెరిగే ఉంటుందని తరువాతి పరిశోధకులు గమనించారు. తువ్వాలు చుట్టుకున్న నా ఒమేగా మౌనాన్ని అహంకారంగా చూపకపోవడానికి కారణం అదే.

ఆల్ఫా అంటే అణచివేసేవాడే కావాలన్న పట్టుదలకు, ఆ మాటకు మూలమైన తోడేళ్లలోనూ ఆధారం లేదు. 1947లో తోడేళ్లను పరిశీలించిన రుడాల్ఫ్ షెంకెల్ ఆ పెత్తనాన్ని వర్ణించినది బంధించి ఉంచిన తోడేళ్లను చూసి; అడవిలోని గుంపు సాధారణంగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో వివరించారు. బోనులో పుట్టిన స్వభావాన్ని ప్రేమకథలో సహజధర్మంగా నిలబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నా కథలో కాటు ఉండదు. పాత మచ్చ మీద మరొకటి వద్దని అతడే చెబుతాడు, ఆమె వెంటనే ఒప్పుకుంటుంది. హీట్ రోజులలో అతడు లోపలినుంచి గడియ పెట్టుకోగల గది ఒకటి ఉన్న ఇంటి కోసం ఇద్దరూ కాశీబుగ్గ వీధులలో తిరిగే అధ్యాయం ఇప్పుడు రాస్తున్నాను.