ఎక్స్‌రే ఫిల్మ్ పట్టే కెమెరా కట్టుకున్నాను

ఛాతీ ఎక్స్‌రేకి వాడే పెద్ద ఫిల్మ్ సైజు 14×17 అంగుళాలు. ఆ ఫిల్మ్ మీద మనుషుల ముఖాలు తీయాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అంత ఫిల్మ్ పట్టే కెమెరా కావాలంటే విదేశాల్లో చేత్తో చేసేవాళ్లకి ఆర్డరిచ్చి తెప్పించుకోవాలి. ఆ డబ్బు నా దగ్గర లేదు. అందుకే విజయవాడ చుట్టుపక్కల దొరికే సామానుతో నేనే కట్టుకున్నాను. ఇదే పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

8×10 అంగుళాలు దాటిన ఫిల్మ్ వాడే కెమెరాలని అల్ట్రా లార్జ్ ఫార్మాట్ అంటారు. ఇది నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఆయన 18×22 అంగుళాల గాజు పలకలు పట్టే కెమెరాని కంచరగాడిదల మీద వేసుకుని అమెరికాలోని యోసెమిటీ లోయకి వెళ్లాడు. 1900లో షికాగోలో జార్జ్ లారెన్స్ ఒక్క రైలు ఫొటో కోసం ఎనిమిదడుగుల పలక పట్టే కెమెరా తయారుచేయించాడు. మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా లాలా దీన్‌దయాళ్ తీసినవి కూడా గాజు పలకల మీది ఫొటోలే. ఆ రోజుల్లో నెగటివ్ ఎంత ఉంటే ఫొటో అంతే. నెగటివ్‌ని కాగితానికి ఆనించి ప్రింటు తీసేవారు. మధ్యలో పెద్దది చేయడం లేదు కనుక చీర నేత, గడ్డంలోని వెంట్రుక దేనికది విడిగా కనిపిస్తుంది. నాకు కావలసింది అదే.

ఇంత సైజులో మామూలు ఫొటో ఫిల్మ్ కూడా దొరుకుతుంది. ఇల్‌ఫోర్డ్ కంపెనీ ఏడాదికోసారి ఆర్డర్లు తీసుకుని కోసి ఇస్తుంది. కానీ ఆ ధరకి ప్రతి షీటూ టెన్షనే. నేర్చుకునేవాళ్లకి ఎక్స్‌రే ఫిల్మే దిక్కు. ఆసుపత్రులు చాలావరకు డిజిటల్‌కి మారిపోయినా, మెడికల్ ఏజెన్సీల్లో చెబితే పెట్టె తెప్పిస్తారు. గ్రీన్ సెన్సిటివ్ అని అడిగి తీసుకోవాలి. అది నీలం, ఆకుపచ్చ వెలుగుల్ని పట్టుకుంటుంది, ఎరుపుకి చలించదు. కాబట్టి డార్క్‌రూములో ఎర్ర బల్బు వేసుకుని చూస్తూ పనిచేసుకోవచ్చు. ఒకటే ఇబ్బంది. మందు పూత రెండు వైపులా ఉంటుంది, మెత్తగా ఉంటుంది. గోరు తగిలితే గీతే.

లెన్సు ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చింది. కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు చేసే పద్ధతి రాకముందు ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ప్రాసెస్ కెమెరా అని ఒక పెద్ద యంత్రం ఉండేది. పేజీని ఫిల్మ్ మీదికి తీసి, దాంతో ప్లేటు చేసేవారు. వన్‌టౌన్‌లో మూతపడిన ఒక ప్రెస్సువాళ్లు ఆ యంత్రాన్ని తూకానికి అమ్మేస్తుంటే నేను లెన్సు ఒక్కటీ అడిగి కొనుక్కున్నాను. ఫోకల్ లెంగ్త్ 600 మి.మీ., పూర్తిగా తెరిస్తే ఎఫ్9 (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది). దాన్ని చెక్కకి బిగించే రింగు లేదు. ఆటోనగర్‌లో లేత్ మీద అల్యూమినియం రింగు తిప్పించాను. లేత్ ఆయన పిచ్ గేజ్‌తో మర కొలత తీసుకుని, సాయంత్రానికల్లా చేసిచ్చాడు.

చెక్క కోయకముందు కాగితం మీద లెక్క తేల్చుకోవాలి. ఈ లెన్సుతో దూరాన ఉన్న కొండని చూడాలంటే లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య 600 మి.మీ. చాలు. మనిషి మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే 750 కావాలి. రెండు మీటర్ల దగ్గరికి జరిగితే సుమారు 857. అప్పుడు ముఖం అసలు సైజులో 43 శాతం పడుతుంది. తల, భుజాలు, ఛాతీ ఫిల్మ్ నిండా వస్తాయి. నేను తీయాలనుకున్నది అదే కాబట్టి బెల్లోస్, అంటే లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య సాగే మడతల తిత్తి, 900 దాకా సాగాలని నిర్ణయించుకున్నాను. అంత సాగినప్పుడు వెలుగు కూడా పలచబడుతుంది. రెండు మీటర్ల దూరంలో ఎక్స్‌పోజరు రెట్టింపు ఇవ్వాలి.

కెమెరా ఒళ్లు కట్టడం వీటన్నిటిలోకీ తేలిక. ముందు ఒక చట్రం, వెనక ఒక చట్రం, కింద అవి జరగడానికి పట్టాలు. 18 మి.మీ. ప్లైవుడ్, అరిగే చోట్ల టేకు. కృష్ణలంకలో వడ్రంగి మేస్త్రి దగ్గర కోయించుకుని ఇంట్లో బిగించుకున్నాను. లోపలంతా బ్లాక్‌బోర్డు పెయింట్ వేశాను. అది మెరవదు, పైగా ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది.

బెల్లోస్ దగ్గర అసలు పని మొదలైంది. లోపల సన్నటి నల్ల పాప్లిన్, బయట బ్లాకౌట్ కర్టెన్ గుడ్డ, రెంటి మధ్య అట్టముక్కల వరసలు. అట్టముక్కల మధ్య వదిలే ఖాళీలోనే మడత పడుతుంది. ఖాళీ తక్కువైతే మడత పడదు, ఎక్కువైతే మధ్యలో వేలాడుతుంది. కొలతల బొమ్మలు ఎన్ని చూసినా మూలల్లో అట్టని ఏ కోణంలో కోయాలో నా బుర్రకి ఎక్కలేదు. అప్పుడు తెనాలిలో నాటకాల హార్మోనియాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన జీవితమంతా తిత్తులు కడుతూనే ఉన్నాడు.

నేను గీసుకెళ్లిన బొమ్మని ఆయన పక్కన పెట్టేశాడు. పాత కేలండర్ కాగితం ఒకటి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, మూల దగ్గర వేలితో నొక్కి చూపించాడు. "ముందు మూల మడవాలి బాబూ. పక్కలు వాటంతటవే వస్తాయి. నువ్వు పక్కలు మడిచి మూలని లాగుతున్నావు, అందుకే చిరుగుతోంది" అన్నాడు. మూలల దగ్గర అట్ట పెట్టొద్దని, గుడ్డని వదిలేసి పైన పలచటి మేకతోలు అతకమని చెప్పాడు. హార్మోనియంలో గాలి మొదట పోయేది అక్కడేనట. నాకు గాలి సంగతి కాదు, వెలుగు రాకూడదని చెబితే, "గాలి సంగతి నేను చెప్పాను, వెలుగు సంగతి నువ్వు చూసుకో" అని నవ్వాడు.

ఆయన చెప్పినట్టే చేశాను. అట్టముక్కల మధ్య 3 మి.మీ. ఖాళీ వదిలాను. ఫెవికాల్ ఎస్సార్ పలచగా పూసి, రెండు వైపులా ఆరనిచ్చి అతికించాను. మూలల నుంచి మడుచుకుంటూ వచ్చాను. మొత్తం మడిచాక పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారి చూస్తే గుడ్డకి మడత గుర్తుండిపోతుంది. ఫొటోగ్రఫీ పుస్తకాలు చెప్పలేని పాఠం ఒక హార్మోనియం దుకాణంలో దొరికిందని నేను ఎవరికైనా చెబుతాను.

ఫోకస్ చూసుకునే గాజుని షాపులో కొననక్కర్లేదు. 4 మి.మీ. మామూలు గాజు కోయించుకుని, అంచులు మొద్దు చేయించి, దాని మీద 400 నంబరు కార్బొరండమ్ పొడి, కాసిని నీళ్లు వేసి, ఇంకో చిన్న గాజుముక్కతో గుండ్రంగా రుద్దాలి. తర్వాత 600 నంబరుతో మళ్లీ. ఒక వైపు సమంగా పొగలా అయ్యేదాకా రుద్దుతూనే ఉండాలి. రుద్దిన వైపు లెన్సుని చూసేలా బిగించాలి, బొమ్మ పడేది ఆ ముఖం మీదే కాబట్టి.

ఇక ఫిల్మ్ హోల్డర్. ఇలాంటి కెమెరా కట్టాలనుకునేవాళ్లు నా మాట విని దీంతోనే మొదలుపెట్టండి. కెమెరా కొలతలన్నీ హోల్డర్‌ని బట్టి ఉంటాయి. అది సరిగ్గా రాకపోతే మిగతాదంతా ఎంత అందంగా ఉన్నా ఫొటో రాదు. టేకు చట్రం మధ్యలో 3 మి.మీ. హైలం షీట్, ఫిల్మ్ దాని మీద పడుకుంటుంది. స్విచ్ బోర్డులకి వాడే ఆ హైలమే. అంచుల వెంట సన్నటి గాడి, ఫిల్మ్ అందులోకి జారుతుంది. దాని ముందు ఇంకో గాడిలో 1.5 మి.మీ. హైలం పలక, అంటే డార్క్ స్లయిడ్. ఫొటో తీసేటప్పుడు దాన్ని పైకి లాగేస్తాం. లాగేశాక ఆ సందులోంచి వెలుగు దూరకుండా, లోపల ఇత్తడి రేకుని కొద్దిగా వంచి, దానికి నల్ల వెల్వెట్ అంటించి స్ప్రింగులా పెట్టాలి. పలక బయటికి రాగానే వెల్వెట్ రెండో వైపుకి అతుక్కుని సందుని మూసేస్తుంది.

ఇంత పెద్ద ఫిల్మ్‌ని నిలబెడితే మధ్యలో ఉబ్బుతుంది, వానాకాలంలో మరీ ఎక్కువ. అందుకని మధ్యలో తేలిగ్గా ఊడొచ్చే రెండు వైపుల టేపు చిన్న ముక్క పెడతాను. హోల్డర్ అంచు నుంచి ఫిల్మ్ దాకా ఎంత లోతుందో, గాజు చట్రంలోనూ అంతే లోతు ఉండాలి. డెప్త్ వెర్నియర్‌తో నాలుగు మూలలా, మధ్యలోనూ కొలిచి, తేడా ఉన్నచోట గాజు కింద కాగితం ముక్కలు పెట్టి సరిచేశాను.

వెలుగు ఎక్కడ దూరుతుందో పట్టుకోవడానికి రెండు పరీక్షలు. రాత్రి గదంతా చీకటి చేసి, కెమెరా లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టి, కళ్లు చీకటికి అలవాటయ్యాక చుట్టూ తిరిగి చూడాలి. తెనాలి పెద్దాయన తోలు వేయించిన మూలల్లో ఒక్క చుక్క వెలుగు లేదు. లెన్సు పలక అంచున సన్నటి గీత కనిపిస్తే ఫెల్టు అంటించాను. రెండోది హోల్డర్‌కి. ఫిల్మ్ పెట్టి, ఎండలో తిప్పి తిప్పి ఉంచి, డెవలప్ చేయాలి. నా ఫిల్మ్‌లో డార్క్ స్లయిడ్ వైపు నల్లటి చార వచ్చింది. వెల్వెట్‌ని రెండు వరసలు చేస్తే పోయింది.

డార్క్‌రూమంటే మా స్నానాల గదే. ఎర్ర బల్బు నిజంగా హాని చేయదా అన్నది ముందే చూసుకోవాలి. ఫిల్మ్ ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టి, ఆ వెలుగులో పది నిమిషాలు వదిలి డెవలప్ చేస్తే, బిళ్ల ఆకారం కనిపించకూడదు. డెవలపర్‌గా డీ-23 కలుపుకుంటాను. లీటరుకి మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, అంతే. దాన్ని మళ్లీ సమానంగా నీళ్లు కలిపి పలచన చేస్తాను, లేకపోతే ఎక్స్‌రే ఫిల్మ్‌కి కాంట్రాస్టు విపరీతంగా వస్తుంది. ట్రే అడుగున గాజు పలక పరిస్తే ఫిల్మ్ గీసుకోదు. బెజవాడ ఎండల్లో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి, మెత్తటి పూత ఇంకా మెత్తబడుతుంది. అందుకని ట్రేని పెద్ద టబ్బులో పెట్టి, చుట్టూ ఐసు సీసాలు వేసి 20 డిగ్రీలకి తెచ్చాకే మొదలుపెడతాను. డెవలప్ అయ్యాక బొమ్మని నిలిపే ద్రావణం హైపో. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. దాన్ని కాలవలో పోయకుండా, నాకు తెలిసిన ఎక్స్‌రే సెంటర్ అన్నకి ఇస్తాను. వెండి తీసేవాళ్లు అక్కడికి వచ్చి తీసుకెళతారు.

మొదట కూర్చున్నది మా వడ్రంగి మేస్త్రి. వాళ్ల వరండాలో, ఎండ పడని చోట. వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప స్టాండు మీద కెమెరా ఎక్కించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఫిల్మ్ స్పీడు, అంటే వెలుగుని పట్టుకునే చురుకు, 50 అనుకున్నాను. ఎఫ్32, రెండు సెకన్లు. షట్టర్ లేదు, వెల్వెట్ అతికించిన అట్ట మూత తీయడం, పెట్టడం. లెన్సు పూర్తిగా తెరిస్తే రెండు మీటర్ల దగ్గర ఫోకస్ సుమారు మూడు సెంటీమీటర్ల మందంలోనే ఉంటుంది. కన్ను స్పష్టంగా ఉంటే చెవి కరిగిపోతుంది. ఎఫ్32 దగ్గర పది సెంటీమీటర్లు వస్తుంది, ముఖానికి చాలు. తల వెనక గోడకి ఆనించమన్నాను. ఊపిరి బిగబట్టమంటే మనుషులు కొయ్యబారిపోతారు. "ఊపిరి వదిలేసి ఆగండి మేస్త్రి గారూ" అన్నాను. ఒకటి, రెండు, మూత పెట్టేశాను.

ఎర్ర వెలుగులో ట్రే లోంచి ముఖం పైకి తేలుతుంటే ఆయన కనుబొమల్లోని చెక్కపొట్టు కూడా కనిపించింది. ఎరుపుని పట్టని ఫిల్మ్ కాబట్టి మన చామనఛాయలు ఇంకాస్త ముదురుగా, పెదాలూ కుంకుమ బొట్టూ నల్లగా వస్తాయి. ముడతలు లోతుగా పడతాయి. పసిపిల్లలకి ఈ ఫిల్మ్ నేను వాడను. ఎండలో పనిచేసిన పెద్దవాళ్ల ముఖాలకి మాత్రం దీన్ని మించింది లేదు.

ప్రింటు తీసేది మాత్రం ఎండలోనే. 1842లో జాన్ హర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ అనే నీలం ప్రింటుకి ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని పెద్దది చేసే యంత్రం) అక్కర్లేదు. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మి.లీ. నీళ్లలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మి.లీ.లో కరిగించి, రెండూ సమానంగా కలిపి మంచి డ్రాయింగ్ కాగితానికి పూస్తాను. ఆరాక నెగటివ్ ఆనించి, గాజు కింద బిగించి, డాబా మీద పెడతాను. తర్వాత నీళ్లలో కడిగితే చాలు, నీలం ముఖం నిలిచిపోతుంది. మేస్త్రి గారి మొదటి ప్రింటు ఆయనకే ఇచ్చాను.

ఇప్పుడు ఉండవల్లి గుహల ముందు కెమెరా పెట్టాలని ఉంది. దానికి ఈ లెన్సు చాలదు. ఇది చూసే కోణం సుమారు 48 డిగ్రీలు. దూరాన ఉన్నవాటికి ఫోకస్ చేస్తే ఇది వేసే గుండ్రటి బొమ్మ అడ్డుకొలత 534 మి.మీ. 14×17 ఫిల్మ్ మూల నుంచి మూలకి 559. నాలుగు మూలలూ నల్లబడతాయి. ముఖాలు తీసేటప్పుడు లెన్సు ముందుకి జరుగుతుంది, ఆ బొమ్మా పెద్దదవుతుంది కాబట్టి ఈ సమస్య రాలేదు. మన దగ్గర 12×15 ఎక్స్‌రే ఫిల్మ్ కూడా అమ్ముతారు, దాని మూల నుంచి మూలకి 488 మాత్రమే. అందుకని వెనక చట్రానికి పట్టేలా 12×15 హోల్డర్ ఒకటి చేస్తున్నాను. టేకు కోయించడం అయింది, హైలం కోయించాలి.