లేహ్‌లో ఇంటి మీద బెంగ

లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల, విమానంలో నేరుగా దిగినవారు తొలి రోజుల్లో ఎక్కువ తిరగకుండా విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు. ఇంటి మీద బెంగ నన్ను పట్టుకున్నది ఆ ఖాళీ సమయంలోనే. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు కనుక పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకునే వెళ్లాను. అయినా నుబ్రా లోయకు వెళ్లే దారిలో చాలా దూరం సిగ్నల్ అందలేదు. అందుకే, "రాత్రి బసకు చేరాకే ఫోన్ చేస్తానమ్మా, ఈలోగా కలవకపోతే కంగారు పడకు" అని ముందే చెప్పి ఉంచాను. ఆ ఒక్క మాట ఇద్దరికీ ఎంతో ఊరటనిచ్చింది.

పగలంతా అమ్మకు చెప్పవలసిన సంగతులను చిన్న పుస్తకంలో రాసుకునేదాన్ని: ఉప్పు, వెన్న వేసి చిలికిన గుర్‌గుర్ చాయ్ రుచి, మిద్దెల మీద ఆరబోసిన ఆప్రికాట్లు, వాటిని తిరగేస్తూ నన్ను చూసి నవ్విన ఒక పెద్దావిడ. బెంగను మరిచిపోవాలని ప్రయత్నించడం కంటే, దానికి ఇలా ఒక పని అప్పగించడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అమ్మ మాత్రం ముందుగా, "అన్నం తిన్నావా తల్లీ?" అనే అడిగేది. ఆ మాటకు గొంతు పూడుకుపోతే, ఫోను నాన్నకు ఇవ్వమనేదాన్ని. ఆయన చలి గురించి, రోడ్ల గురించి నింపాదిగా అడుగుతూ నన్ను మళ్లీ మామూలు మనిషిని చేసేవారు.