ఖాళీ చేసిన సమయం

నేను లాడ్జి మేనేజర్‌ని. వశిష్ఠ గోదావరికి కోనసీమ వైపు ఒడ్డున ఒక చిన్న ఊరు, బస్టాండుకు ఎదురుగా పద్నాలుగు గదులు. ఊరి పేరు రాయను, ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. 2001 నుంచి అదే కుర్చీ, అదే బల్ల, వెనక గోడకు అదే తాళాల పలక. మారేవి రిజిస్టర్లే. ఏడాదికి రెండు నిండుతాయి.

మొదట్లో నిండినవి తిరగేస్తే నవ్వొస్తుంది. రామారావు, రాజమండ్రి. కృష్ణారావు, కాకినాడ. ఊరి మొదటి అక్షరంతో కలిసే పేరు ఏది తోస్తే అది. జంటగా వచ్చిన ప్రతివాళ్లూ భార్యాభర్తలే. వచ్చిన పని అనే గడిలో నూటికి తొంభై మంది ‘సొంత పని’ అని రాసేవారు. నేను అడిగేవాణ్ని కాదు. అద్దె ముందే పుచ్చుకున్నాక పేరు అసలుదో నకిలీదో నాకెందుకు?

2007 ఆగస్టు 25 తరవాత ఆ మాట అనలేకపోయాను. ఆ సాయంత్రం హైదరాబాద్‌లో లుంబినీ పార్కులోనూ, కోఠీ గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలి 42 మంది పోయారు. మా బావమరిది అప్పట్లో కోఠీలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. శనివారం సాయంత్రాలు గోకుల్ చాట్‌కు వెళ్లడం వాడికి అలవాటు. ఆ రాత్రి వాడి ఫోను కలవని రెండు గంటలు మా ఆవిడ దేవుడి గదిలోంచి లేవలేదు. వాడు అరగంట ముందే తినేసి గదికి వెళ్లి, ఫోను చార్జింగులో పెట్టి నిద్రపోయాడట. మరుసటి ఏడాది ముంబయి. కరాచీ నుంచి వచ్చిన పదిమంది నడిసముద్రంలో కుబేర్ అనే గుజరాత్ చేపల బోటును పట్టుకుని, దాని సరంగును చంపి ఒడ్డుకు చేరారు. 166 మంది ప్రాణాలు పోయాయి. ఆ బోటు ఫొటో పేపర్లో చూసినప్పుడు నాకు అంతర్వేది రేవులో కట్టేసిన బోట్లే గుర్తొచ్చాయి. మనకూ సముద్రం ఉంది, దాన్ని కలిపే కాలవలున్నాయి, ఒడ్డు పొడుగునా గ్యాసు బావులున్నాయి. ఆ తరవాత మత్స్యకారులకు గుర్తింపు కార్డులు వచ్చాయి, బోట్లకు నంబర్లు పడ్డాయి, మా లాడ్జికి జిరాక్సు కాగితాల ఫైలు వచ్చింది. గుర్తింపు కార్డు లేనిదే తాళం ఇవ్వను. ఇందులో నాకేమీ బాధ లేదు.

రిజిస్టర్‌తో ఉగ్రవాది దొరుకుతాడని మాత్రం నేననుకోను. ముంబయి దాడికి ముందు ఆ చోట్లన్నీ చూసి వెళ్లిన అమెరికా పౌరుడు హెడ్లీ 2006లో అమెరికాలో చట్టప్రకారం పేరు మార్చుకుని, అసలు పాస్‌పోర్టుతో, అసలు వీసాతో వచ్చి తాజ్ హోటల్లోనే బస చేశాడు. అక్కడి రిజిస్టర్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండి ఉండదు. ఇక్కడ మా సంగతి చూడండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మా ఊరి మనవడే పండక్కి వచ్చి గది తీసుకుంటే, విదేశీయుడు దిగాడని 24 గంటల్లో అధికారులకు ఫారం పంపాలి. ‘మా తాత కొబ్బరితోట పక్కనే ఉంది, నేను విదేశీయుణ్నా అండీ?’ అని ఒకాయన నాతో అరగంట పోట్లాడాడు. అదే పండగ మూడు రోజులూ కోడిపందేలకు వచ్చిన వాళ్లతో పద్నాలుగు గదులూ నిండి, వరండాలో కూడా మంచాలు వేస్తాం. ఆ మూడు రోజులూ రిజిస్టర్ చూపించమని ఎవరూ అడగరు.

ఇక భాయ్ సంగతి.

భాయ్ కాశ్మీర్ నుంచి ఏటా నవంబరు చివర వచ్చి ఫిబ్రవరిలో వెళ్లిపోయే శాలువాల వ్యాపారి. నలభై దాటిన మనిషి. ఆరేళ్లుగా మాకు ఖాతాదారు, ఎప్పుడూ తొమ్మిదో నంబరు గదే. కోనసీమలో శాలువా ఎవరు కప్పుకుంటారని అడగకండి, ధనుర్మాసం తెల్లవారుజామున గుడికి వెళ్లే ముసలమ్మలు కప్పుకుంటారు, మిగతావన్నీ సన్మానాలకు పోతాయి. ఎక్కువగా వాయిదాల మీద ఇచ్చేవాడు. హైస్కూలు పంతుళ్లు, బ్యాంకు వాళ్లు, ఆసుపత్రి నర్సమ్మలు నెలకు రెండు వందలు, మూడు వందలు ఇచ్చేవారు. ఆ లెక్కంతా ఎర్ర అట్ట ఉన్న చిన్న పుస్తకంలో, ఉర్దూలో ఉండేది. రోజూ రాత్రి మా బల్ల మీదే, నా ఎదురుగా కూర్చుని రాసుకునేవాడు. నేను ఎడమ నుంచి కుడికి, అతను కుడి నుంచి ఎడమకి. ఇద్దరం ఒకేసారి లెక్క ముగించి టీ తెప్పించుకునేవాళ్లం.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో బాంబులు నింపిన కారుతో సీఆర్‌పీఎఫ్ బస్సును ఢీకొట్టారు. 40 మంది జవాన్లు చనిపోయారు. ఆ రాత్రి లాడ్జి హాల్లో టీవీ చూస్తున్న అందరిలోనూ భాయ్ ఉన్నాడు. ఎవరూ అతణ్ని ఒక్క మాట అనలేదు, కానీ అతని పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. మర్నాడు రాత్రే అంతర్వేదిలో స్వామివారి కల్యాణం, ఆ మర్నాడు భీష్మ ఏకాదశి రథోత్సవం. లక్షల మంది జనం. మా గదులన్నీ నిండిపోయాయి.

పదిహేనో తేదీ రాత్రి పదకొండు దాటాక ముగ్గురు వచ్చారు. ఇద్దరు యూనిఫాంలో, ఒకరు మామూలు బట్టల్లో. రిజిస్టర్ అడిగారు. ఏడో పేజీలో భాయ్ పేరు నేనే చూపించాను. ఈ మాట నేను దాచను. వాళ్లు వెతుక్కోనక్కర్లేకుండా వేలు పెట్టి చూపించాను.

న్యాయంగా మాట్లాడితే, ఆ రాత్రి నేనే ఆ ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ఉంటే నేనూ ఆ తలుపు తట్టేవాణ్ని. అవతల అంత జనం, వెనక నిన్నటి వార్త. తట్టకపోతే అది నిర్లక్ష్యమే. భాయ్ తలుపు తీశాడు, కార్డులు చూపించాడు, మూటలు విప్పాడు. శాలువాలన్నీ దులిపి చూశారు. తలగడ కింద ఎర్ర పుస్తకం దొరికింది. ‘ఏమిటీ పేర్లు? ఏమిటీ అంకెలు?’ అన్నారు. అవి పంతుళ్ల వాయిదాలని నేను చెప్పాను. ‘మీరు చదవగలరా?’ అని అడిగారు. చదవలేనన్నాను. పుస్తకం తీసుకున్నారు, అతణ్ని తీసుకెళ్లారు. పంచనామా లేదు, రసీదు లేదు. ఎవరి చేతిలోనూ కాగితం లేదు.

జీపు వెళ్లాక నేను బల్ల దగ్గర కూర్చున్నాను. తొమ్మిదో నంబరు గది వరసలో ‘ఖాళీ చేసిన సమయం’ గడి ఖాళీగా ఉంది. మనిషి లేడు, సామాను ఉంది, తాళం నా దగ్గర ఉంది. ఏం రాయాలి? దాన్ని ధైర్యం అనకండి, పద్దెనిమిదేళ్ల అలవాటు. రిమార్కుల గడిలో సన్నగా రాశాను: ‘రా. 11.40 ని.లకు పోలీసువారు ముగ్గురు వెంట తీసుకొని వెళ్లారు. ఎర్ర అట్ట లెక్కల పుస్తకం 1 కూడా. గదిలో శాలువా మూటలు 2 ఉన్నవి.’

పొద్దున్నే కింద జిరాక్సు షాపుకు వచ్చే వకీలు గారిని పట్టుకున్నాను. ఆయన స్టేషన్‌కు వెళ్లి వచ్చి, ‘అరెస్టు కాదటండీ, విచారణకు పిలిచారట’ అన్నారు. పిలవడానికీ తీసుకెళ్లడానికీ తేడా నా కళ్లతో చూశాను కాబట్టి ఆ మాట నాకు మింగుడు పడలేదు. వకీలు గారు ఓపిగ్గా చెప్పారు. అరెస్టయితే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది: అరెస్టు చేసిన చోటే తేదీ, సమయం వేసి మెమో రాయాలి, ఇంటివాళ్లో ఆ చోటి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ‘ఆ సాక్షి సంతకం మీరే పెట్టాల్సింది’ అని నా వంక చూశారు. అరెస్టు కాదంటే ఇవేవీ అక్కర్లేదు. ఆ రెండు ముక్కల్లోనే ఉంది కిటుకంతా.

భాయ్ పదిహేడో తేదీ మధ్యాహ్నం తిరిగొచ్చాడు. కొట్టలేదన్నాడు, వేళకు అన్నం పెట్టారన్నాడు. వాళ్ల జిల్లా పోలీసులకు ఫోన్లు చేసి కనుక్కున్నారట. కనుక్కోవడం మంచిదే. నలభై గంటలు ఎక్కడా ఏ పుస్తకంలోనూ లేకుండా ఒక మనిషి మాయమై తిరిగి రావడమే నాకు అరగనిది. ఎర్ర పుస్తకం మాత్రం రాలేదు. వకీలు గారు రెండుసార్లు అడిగితే, అలాంటిదేదీ తమ దగ్గర లేదన్నారు. తీసుకున్నట్టు రాస్తే కదా ఉండేది!

మా గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డప్పుడు, ఎన్ని తుపాకులు, ఎన్ని కత్తులు, ఎన్ని తూటాలు తీసుకెళ్తున్నాడో స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడు. తెల్లవాళ్ల లెక్కలో ఆయన తిరుగుబాటుదారుడు. ఆ వారమంతా నాకు ఆ సంతకమే గుర్తొస్తూ ఉండేది.

పెద్ద చట్టాల సంగతి వకీలు గారి దగ్గరే నేర్చుకున్నాను. పంజాబ్‌లో ఉగ్రవాదం పేరు చెప్పి 1985లో తెచ్చిన టాడా చట్టాన్ని, ఆ గొడవే లేని గుజరాత్‌లో వేలమంది మీద వాడారు. 1995లో దాన్ని పొడిగించకుండా వదిలేశారు. 2002లో పోటా వచ్చింది, 2004లో పోయింది. పోయిన వాటి ముక్కలు చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే యూఏపీఏలో చేరాయి. ముంబయి తరవాత దానికి పదును పెట్టారు: అభియోగపత్రం లేకుండానే 180 రోజుల దాకా ఉంచవచ్చు, ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదు. భయం నిజమైనదే, నాకూ ఉంది. కానీ మక్కా మసీదు పేలుడు కేసు చూడండి. 2007లో పాతబస్తీ కుర్రాళ్లను ఎంతమందినో పట్టుకెళ్లారు. వాళ్ల మీద పెట్టిన కేసులు నిలవలేదు. చివరికి ప్రభుత్వమే కొందరికి పరిహారం ఇచ్చింది, ఆ పరిహారాన్నీ హైకోర్టు కొట్టేసింది. తరవాత వేరే వాళ్ల మీద నడిచిన కేసును 2018లో కోర్టు కొట్టేసింది. తొందరపడి పట్టుకున్నందువల్ల చనిపోయిన వాళ్లకు ఏం ఒరిగింది?

2024 మే నెలలో సుప్రీంకోర్టు యూఏపీఏ కేసుల్లో కూడా అరెస్టుకు కారణాలు కాగితం మీద రాసి మనిషి చేతికి ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆ వార్త చదివి, కత్తిరించి తాళాల పలక పక్కన అంటించాను. పోలీసులు తనిఖీ చేయకూడదని నేనెప్పుడూ అనలేదు. నా దగ్గర గది తీసుకునే ప్రతివాడూ ఎప్పుడొచ్చాడో, ఎందుకొచ్చాడో, ఎప్పుడెళ్లాడో రాసి సంతకం పెడుతున్నాడు. మనిషిని తీసుకెళ్లేవాళ్లు కూడా అంతే రాయాలి. నా గొడవ అంతవరకే.

మళ్లీ భాయ్ దగ్గరికి వస్తే, పుస్తకం లేక అతను వసూలు మానుకుని వెళ్లిపోయాడు. నేను ఊళ్లో అడగడం మొదలుపెట్టాను. పంతుళ్లు తమంతట తామే లెక్క చెప్పి ఇచ్చారు, ఇద్దరు తప్ప. (ఆ ఇద్దరూ లెక్కల పంతుళ్లే.) జులై చివరికి పదకొండు వేల నాలుగు వందలయింది. బ్యాంకు ఖాతా నంబరు అడుగుదామంటే ఆగస్టు 5న కాశ్మీర్‌లో ఫోన్లు ఆగిపోయాయి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పని చేయదు, అక్కడిది ఇక్కడ పని చేయదు. అదీ భద్రత కోసం పెట్టిన నియమమే. అతని ఇంటి నంబరు ప్రీపెయిడ్ కాబట్టి 2020 జనవరి దాకా కలవలేదు. ఆ డబ్బు కవరు ఐదు నెలలకు పైగా నా సొరుగులోనే ఉంది.

2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడింది. ఇళ్లు కాల్చారు, బస్సులు కాల్చారు. మా ఫోన్లలో నెట్ ఆపేశారు. ఆ మొదటి రెండు రోజులు ఆపడం మంచిదే అనుకున్నాను, వాట్సాప్‌లో తిరిగిన సందేశాలు అలాంటివి. తరవాత రోజుల తరబడి సాగింది. కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి దాటి వెళ్లారు. మా లాడ్జిలో ఫోనుతో డబ్బు కట్టేవాళ్లు లేక చిల్లర కోసం బస్టాండులో తిరిగాను. ఇలాంటి ఉత్తర్వులను అందరికీ తెలిసేలా ప్రకటించాలని కాశ్మీర్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితం ఏదీ మా బస్టాండు గోడ మీద నాకు కనపడలేదు. ఒక రాత్రి భాయ్ ఫోను చేశాడు. వార్తల్లో చూశాడట. ‘మేనేజర్ గారూ, మీకు కూడానా?’ అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

అతను మళ్లీ రాలేదు. ఇప్పుడు శాలువాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు.

పోయిన నెల మా లాడ్జికి కంప్యూటర్ వచ్చింది. పాత రిజిస్టర్లన్నీ చిత్తుకాగితాల వాడికి తూకానికి వేసెయ్యమని యజమాని హైదరాబాద్ నుంచి చెప్పారు. వేసేశాను, 2019 మొదటి పుస్తకం ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నాను. నిన్న ఆ ఏడో పేజీ తీసి నా రాత చదువుకున్నాను. రాత్రి 11.40, ముగ్గురు, ఎర్ర పుస్తకం ఒకటి, మూటలు రెండు. దాని కింద, ఇన్నేళ్లూ నేను గమనించనేలేదు, పోలీసులు వారం వారం వచ్చి వేసే ముద్ర పడి ఉంది. ‘తనిఖీ చేయడమైనది’, ఫిబ్రవరి 19 తేదీ, పచ్చ సిరాతో అధికారి గారి సంతకం.